టికెట్ కొనేముందు కొలతలు చూడండి

పేరున్న చోటికి అంత దూరం వెళ్లి "ఓస్, ఇంతేనా!" అనుకోకూడదంటే ముందు సైజు తెలుసుకోండి. నేనైతే ఎక్కడికెళ్లాలన్నా మొదట చేసే పని అదే. కోపెన్‌హాగెన్‌లో 1913లో పెట్టిన మత్స్యకన్య విగ్రహం ఎత్తు 1.25 మీటర్లే. బ్రస్సెల్స్‌లో మూత్రం పోస్తున్న బుడ్డోడి బొమ్మ మీటరు కూడా ఉండదు. పైగా వీధిలో ఉన్నది నకలు, అసలుది మ్యూజియంలో ఉంది.

తర్వాత గూగుల్ మ్యాప్స్‌లో స్ట్రీట్ వ్యూ తెరిచి, అటూ ఇటూ తిప్పి చూడండి. పోస్టర్లో గిజా పిరమిడ్ల చుట్టూ ఎడారే కనిపిస్తుంది. ఇక్కడ తిప్పితే వాటి పక్కనే ఊరు. టూరిజం వాళ్ల ఫోటోలు నేను అసలు లెక్కలోకి తీసుకోను.

ఇవన్నీ చూశాక కూడా వెళ్లాలనిపిస్తే వెళ్లండి, కానీ పక్కన ఏముందో కనుక్కుని మరీ వెళ్లండి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు, అద్దం వెనక. ముందంతా ఎత్తి పట్టుకున్న ఫోన్లే. ఆ తోపులాటలో టెన్షన్ పడకుండా ఓసారి చూసేసి, వెనక్కి తిరగండి. ఎదురు గోడ మీద ఇటలీ చిత్రకారుడు వెరోనీస్ వేసిన 'కానా పెళ్లి విందు' పెయింటింగ్, దాదాపు 10 మీటర్ల వెడల్పు! మధ్యలో వాయిద్యగాళ్లు, వాళ్ల ముందు కుక్కలు, కుడి పక్క కూజాను గోకుతున్న పిల్లి. అక్కడ మీకు కావలసినంత చోటు దొరుకుతుంది. పిల్లిని మాత్రం కాస్త వెతకాలి.