కొత్త ఇంట్లో తొలి వంట: ఒకే గిన్నెలో చికెన్, కూరగాయల స్ట్యూ

పరాయి దేశంలో దిగిన మొదటి వారంలో వంటింట్లో సామాను ఉండదు. ఉన్న స్టవ్ మన మాట వినదు. కుక్కర్ లేదు, మిక్సీ లేదు అని టెన్షన్ పడకండి. అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నె, దానికి సరిపడే మూత, ఒక మంచి కత్తి చాలు.

గిన్నె కొనేముందు స్టవ్ ఏదో చూసుకోండి. ఇండక్షన్ అయితే గిన్నె అడుగుకు అయస్కాంతం అతుక్కోవాలి, లేకపోతే వేడెక్కదు. కాయిల్ స్టవ్ ఆపేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పొంగు వచ్చినప్పుడు నాబ్ తిప్పి ఊరుకోకుండా గిన్నెను పక్కకు జరపాలి.

ఇద్దరికి రెండు పూటలకు ఎముక ఉన్న తొడ ముక్కలు ముప్పావు కిలో తీసుకోండి. బ్రెస్ట్ కాస్త ఎక్కువ ఉడికితే పీచుపీచుగా అయిపోతుంది. తొడ ముక్క పది నిమిషాలు ఎక్కువైనా తట్టుకుంటుంది. చికెన్ కడగాలని చేతులు ఊరుకోవు గానీ, కడగొద్దు. నీళ్లు చింది క్రిములు సింకు చుట్టూ పడతాయి. టిష్యూతో తడి అద్దితే చాలు. తడి ముక్క ఎలాగూ సరిగ్గా వేగదు.

చిమ్నీ ఫ్యాన్ వేసి, గిన్నెలో రెండు చెంచాల నూనె కాగనివ్వండి. పొగ వచ్చేదాకా ఆగితే స్మోక్ అలారం మోగి బిల్డింగంతా బయటికి రావాల్సి రావచ్చు. ముక్కలకు ఉప్పు, మిరియాల పొడి పట్టించి, ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. ఇక కదపొద్దు. నాలుగైదు నిమిషాలకు అడుగు ఎర్రగా వేగి, ముక్క దానంతటదే గిన్నెను వదులుతుంది. లాగితే రాలేదంటే ఇంకా వేగలేదన్నమాట. రెండోవైపూ వేయించి తీసేయండి.

అదే గిన్నెలో రెండు ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేయించండి. అడుగున పట్టిన గోధుమరంగు పొర మాడు కాదు, రుచంతా అందులోనే ఉంది. అరకప్పు నీళ్లు పోసి చెక్క గరిటెతో గీకితే నీళ్లలో కలిసిపోతుంది. నల్లబడితే మాత్రం చేదే.

ఇప్పుడు చికెన్, పెద్ద ముక్కలుగా తరిగిన మూడు క్యారెట్లు, మూడు బంగాళాదుంపలు వేసి, మునిగేదాకా నీళ్లు పోసి మూతపెట్టి, సన్నని మంట మీద అరగంట పైన ఉంచండి. తెర్లనివ్వొద్దు, అంచుల్లో చిన్న బుడగలు వస్తే చాలు. బీన్స్ ఆఖరి పది నిమిషాల్లో, ఫ్రోజెన్ బఠాణీలు దించే ముందు వేయాలి. టమాటా ఇష్టమైతే దుంపలు మెత్తబడ్డాకే వేయండి, పులుపు తగిలితే అవి త్వరగా ఉడకవు. స్టాక్ క్యూబ్ (నీళ్లలో కరిగించి పులుసుకు రుచి తెచ్చే బిళ్ల) వేస్తే దానిలోనే ఉప్పు ఉంటుంది, రుచి చూసి వేసుకోండి. పల్చగా ఉంటే రెండు దుంప ముక్కలు గరిటెతో మెదిపి కలపండి, చిక్కబడుతుంది.

చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. వంటింటి థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే అనుమానమే ఉండదు.

మిగిలింది రెండు గంటల్లోపు చిన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులు బాగుంటుంది. తినబోయే ముందు పొగలు వచ్చేలా వేడిచేయాలి. గిన్నెకు పట్టిన జిడ్డు సింకులో పోయకండి, పైపు పూడుకుంటే ఇంటి ఓనర్ మీకే బిల్లు వేయొచ్చు. టిష్యూతో తుడిచి చెత్తబుట్టలో వేయండి. ఫ్రిజ్ నలుగురూ వాడేదైతే డబ్బా మీద పేరు, తేదీ రాయడం మరవకండి.