హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రోబ్‌ను నమ్మవచ్చా? పరీక్షించేదెలా?

సెప్టిక్ ట్యాంకులో కుళ్లిన గుడ్డు కంపు కొట్టే గ్యాసే హైడ్రోజన్ సల్ఫైడ్. దాన్ని పట్టే అజైడ్ ప్రోబ్ (మూడు నైట్రోజన్ల గుంపు తగిలించిన అణువు, సల్ఫైడ్ తగిలితే వెలుగుతుంది) మీద ప్రాజెక్టు చేస్తున్న నల్లగొండ, పాలమూరు ఎమ్మెస్సీ పిల్లల కోసం ఇది రాస్తున్నా. సల్ఫైడ్ పోశాం, వెలిగింది, ఫోన్లో ఫొటో తీశాం అంటే పరీక్ష అయిపోయినట్టు కాదు.

ఆ వెలుగును కొలిచే ఫ్లోరిమీటర్, నమూనా పోసే క్వార్ట్జ్ క్యూవెట్లు, పీహెచ్‌ను 7.4 దగ్గర నిలిపే బఫర్ ద్రావణం, గ్యాస్‌ను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఉంటే చాలు. ల్యాంపు అరగంట ముందే వేయండి. బఫర్‌కు డిస్టిల్డ్ వాటరే వాడాలి. బోరు నీళ్లు వడపోసినా వద్దు. మన నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. ప్రోబ్‌లో సిలికాన్-ఆక్సిజన్ బంధం ఉంటే, గ్యాస్ లేకున్నా ఫ్లోరైడే దాన్ని తెంచి వెలిగించగలదు.

గ్యాస్‌కు బదులు పోసేది, నీళ్లలో దాన్నిచ్చే ఉప్పు సోడియం సల్ఫైడ్ నోనాహైడ్రేట్. అది 24 మిల్లీగ్రాములు 10 మిల్లీలీటర్లలో కలిపితే 10 మిల్లీమోలార్ ద్రావణం వస్తుంది. గాలి తగిలితే పాడవుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే. దానికి యాసిడ్ అస్సలు తగలనివ్వొద్దు, గ్యాస్ లేస్తుంది. 100 పీపీఎం దాటిందంటే ముక్కు మొద్దుబారి కంపే తెలియదు. వాసన రావట్లేదు కదా అనుకోవద్దు.

ఇక అందరూ బోల్తా పడేది బ్లాంక్ (సల్ఫైడ్ పోయని నమూనా) దగ్గరే. చాలా అజైడ్ ప్రోబ్‌లు అతినీలలోహిత కాంతికే విరిగి నైట్రోజన్ వదిలేస్తాయి. అప్పుడు గ్యాస్ లేకుండానే వెలుగు రావచ్చు. అందుకే మూడు క్యూవెట్లు పెట్టండి. ఒకదాంట్లో ప్రోబ్, సల్ఫైడ్. రెండోదాంట్లో ప్రోబ్ మాత్రమే, దానికీ అంతే కాంతి తగలాలి. మూడోదాంట్లోనూ ప్రోబే, కానీ రేకు చుట్టి చీకట్లో ఉంచి చివర్లో ఒక్కసారే చదవండి.

రెండోది పెరిగి మూడోది పెరగలేదంటే తప్పు కాంతిదే. రీడింగుకూ రీడింగుకూ మధ్య షట్టర్ మూసి, స్లిట్ (కాంతి వచ్చే సందు) తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి. రెండో దాని విలువ తీసేస్తే సరిపోతుందంటారు కొందరు. నేను ఒప్పుకోను. మొదటి క్యూవెట్లో సల్ఫైడ్ ప్రోబ్‌ను తినేస్తుంటే కాంతికి మిగిలేది తగ్గుతూ పోతుంది. రెండోదాంట్లో అలా జరగదు. ఆ లెక్క కుదరదు. మూడూ ఒకే వేడిలో ఉండాలి కూడా. ఎండాకాలం ఏసీ లేని ల్యాబులో మధ్యాహ్నం రీడింగు, పొద్దుటి రీడింగు ఒకటి కావు.

తర్వాత, వేరే గంధక పదార్థాలకూ ప్రోబ్ మోసపోతుందేమో తెలియాలంటే సిస్టీన్, గ్లూటాథయోన్, సల్ఫైట్ విడివిడిగా కలిపి చూడండి. అవి ఉండగానే సల్ఫైడ్ కూడా పోసి ఇంకోసారి. బ్లాంక్‌ను పదిసార్లు చదివి, ఆ రీడింగుల ప్రామాణిక విచలనాన్ని మూడింతలు చేసి కాలిబ్రేషన్ గీత (సల్ఫైడ్ మోతాదుకు ఎంత వెలుగో చూపే గీత) వాలుతో భాగిస్తే, ఎంత తక్కువ వరకు పట్టగలదో తెలుస్తుంది.

చివరికి అసలు నమూనాలో తెలిసినంత సల్ఫైడ్ కలిపి, అంతా తిరిగి కనిపిస్తుందో లేదో చూడండి. కనిపించకపోతే ప్రోబ్‌ను తిట్టేముందు సల్ఫైడ్ తాజాగా కలిపిందేనా అని అడగండి.