మండలం ఊళ్లో ఇనుపసామాన్ల అంగడి: మా అల్లుడికి చెప్పిన సంగతులు

మా అక్క కొడుకు బెంగళూరులో ఉద్యోగం వదిలేసి వచ్చేశాడు. వచ్చిన మూడోరోజే టేపు పట్టుకుని పోయి తిరుపతి పక్క పాకాలలో ఒక రూము కొలిచొచ్చాడు. "మామా, పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు. హార్డ్‌వేర్ అంగడి పెడతా. ముందర గాజు తలుపు. బోర్డుకి ఏం పేరు పెడదాం?" అన్నాడు. పేరు సంగతి తర్వాత, ముందు గాజు తలుపు మానుకోమన్నా. వాడి మొహం చిన్నబోయింది. ఆ రాత్రి సంగటి తింటా వాడికి చెప్పినవే ఇవి. మన పక్క ఇంకెవరైనా అంగడి ఆలోచనలో ఉంటే పనికొస్తాయని రాస్తున్నా.

గాజు తలుపు చూస్తే మన రైతు లోపలికి రాడురా. కాళ్లకి మడి బురద, భుజాన టవలు. ఇదేదో పెద్దోళ్ల అంగడి అనుకుని పక్కంగట్లోకి పోతాడు. షట్టరెత్తితే రోడ్డు మీంచే సరుకు కనపడాల. పైపులు బయట నిలబెట్టు, మోకులూ పలుపుతాళ్లూ దూలానికి వేలాడదియ్యి, పారలూ తట్టలూ గడప పక్కన పెట్టు. నీ బోర్డు అదే. ముప్పైరెండేళ్ల నుంచి నడుపుతున్నా, నా బోర్డు మీద పేరు ఎప్పుడో వెలిసిపోయింది. "పైపులంగడి యాడ?" అంటే చిన్నపిల్లోడు కూడా చూపిస్తాడు. ఇంకోటి, రూము ఎంత వెడల్పో కొలిచినావు గాని, ముందర ట్రాక్టరు నిలబెట్టే జాగా ఉందో లేదో చూసినావా? అది లేకపోతే అద్దె సగానికిచ్చినా వద్దు.

ఇంగ సరుకు. చేతిలో డబ్బుంది కదాని నేరుగా చెన్నై ప్యారిస్ కార్నర్‌కో బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, ఆ హోల్‌సేల్ బజార్లకి పోయి లారీకెత్తుకోవద్దు. పదైదు రోజులు నా అంగట్లో కూర్చో. ఒక నోటు పుస్తకం పెట్టుకో. అమ్మింది రాయొద్దు, దానికి బిల్లు పుస్తకం ఉంది. మనం "లేదు" అని చెప్పి పంపించినవి రాయి. ఎవరు అడిగినారు, ఏ ఊరు, దేనికి కావాలన్నారు, అంతే. నువ్వు మొదట కొనాల్సిన సరుకు ఆ పుస్తకంలోనే ఉంటుంది.

ఎందుకు చెప్తున్నానంటే, పోయిన వేసవిలో ఒకనాడు పొద్దున ఆరుకే ఒకాయన వచ్చి షట్టరు మీద దబదబా కొట్టాడు. టవలు చెంగులో ఏదో మూటగట్టుకోనుండాడు. విప్పి చూపిస్తే కాలిపోయిన నో-వోల్ట్ కాయిలు. వార్నిషు కరిగి తీగ నల్లగా మాడి, ఇంకా కమురువాసన వస్తా ఉంది. స్టార్టర్లో కాంటాక్టులని పట్టి ఉంచేది ఆ కాయిలే. అది పోయిందంటే మోటరు నిలవదు. ఆయన టమోటా నాటి వారం కాలేదు. మనకి పొలానికి మూడు ఫేజుల కరెంటు వచ్చేది రోజుకి తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటలు పోతే ఆ ఎండకి మొక్క వాడిపోతుంది. లక్షలు పోసి బోరేసిన మనిషి అరచేతిలో ఇమిడే చిన్న వస్తువు కోసం నా గడప ముందర నిలబడినాడు. "ఎంత?" అని కూడా అడగలేదు.

అట్టాంటి చిన్న సరుకే మన అంగడికి ప్రాణం. కాయిల్లో రకాలున్నాయి, ఊరికే "5 హెచ్‌పీదా, 7.5దా" అని అడిగి ఇచ్చేస్తే మళ్లీ తిరిగొస్తాడు. పాత కాయిలు చేతిలోకి తీసుకుని, తుడిచి, మీద అచ్చు చదువు. వోల్టేజీ, కంపెనీ చూసుకుని ఇవ్వు. మా చుట్టుపక్కల జాస్తిగా తిరిగే స్టార్టర్లు మూడు నాలుగు రకాలే. ఒక్కోదానికి మూడు కాయిళ్లు, రెండు జతల కాంటాక్టులు, ఒక రిలే ఎప్పుడూ ఉండాల. వాటితో పాటు ఫ్యూజు వైరు, టేపు, పైపు గమ్ము, బెండ్లు, కప్లింగులు. రబ్బరు వాషర్లు కిలోల లెక్కన తెచ్చి పెట్టుకో, పాడయ్యేవి కావు.

పైపుల దగ్గర రొంత జాగ్రత్త. రైతు అంగుళాల్లో అడుగుతాడు, కంపెనీ మిల్లీమీటర్లలో అచ్చేస్తుంది. రెండంగుళాలంటే 63, రెండున్నరంటే 75, మూడంటే 90, నాలుగంటే 110. ఇది గుండెల్లో రాసుకో. తర్వాత ప్రెజరు: 4 కేజీ పైపు, 6 కేజీ పైపు అంటారు. అది పైపు బరువు కాదు, ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో ఆ లెక్క. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. గోడ మందంలోనే తేడా. అంగడి పెట్టిన రెండో ఏడు నేను దెబ్బతిన్నది ఈడనే. ఒక హోల్‌సేల్ వ్యాపారి, పేరెందుకులే, రెండంగుళాల 6 కేజీ అని నలభై పైపులు దించినాడు. అచ్చు కూడా అట్నే ఉంది. నేను అచ్చు చూసి నమ్మినా. రైతు కాలువ తీసి పూడ్చి మోటరేస్తే మూడు చోట్ల పగిలింది. పగిలిన ముక్క తెచ్చి నా గల్లాపెట్టె మీద పెట్టి, "దీన్ని చీకి పారేసిన చెరుకనుకున్నా రెడ్డీ" అన్నాడు. తిట్టినా బాగుండేది. నలభై పైపులూ మార్చిచ్చినా, కూలీ కూడా నేనే పెట్టుకున్నా. హోల్‌సేలాయన ఫోనెత్తడం మానేశాడు.

అప్పటి నుంచి నాకు కాటానే సాక్షి. నమ్మకమైన పైపులు సైజుకొకటి తూకమేసి ఆ బరువులు గోడ మీద పెయింటుతో రాయించినా. లోడు వచ్చినప్పుడు మధ్యలోంచి నాలుగు లాగి కాటా మీద పెడతా. మీదుండేవి ఎప్పుడూ బాగానే ఉంటాయి, మధ్యలోంచి లాగాల. బరువు తగ్గితే దించుకునేది లేదు. ఐఎస్ఐ గుర్తు, దాని పైన 4985 అనే పైపుల ప్రమాణం అంకె కూడా చూడు గాని, అచ్చు ఎవరైనా కొట్టిస్తారు. తూకాన్ని కొట్టించలేరు.

ఇంగ అప్పు. "నేను అప్పివ్వను మామా, క్యూఆర్ కోడ్ పెడతా" అన్నాడు వాడు. నవ్వొచ్చింది. ఫోన్‌పే పెట్టు, వద్దనలా. గాని జీతం నెలకొకసారి వచ్చే ఊరు కాదిది. ఈడ డబ్బు పంటతో వస్తుంది. శెనక్కాయ జూన్, జూలైల్లో వానకి వేస్తారు, దసరా దీపావళి అప్పుడు పెరుకుతారు. చెరుకోళ్ల చేతిలో డబ్బాడేది చలికాలంలో, గానుగలు తిరిగి బెల్లం మండీకి పోయినాక. మామిడోళ్లకి జూన్, జూలై. పంట మీద రూపాయి కనపడని నెలల్లోనే మోటర్లు కాలతాయి, పైపులు పగులుతాయి. అప్పివ్వనన్నావంటే ఆ నెలల్లో షట్టరు మూసుకోవడమే.

నేను పెట్టుకున్న కట్టుబాటు ఒకటే: మోటరు నగదు, వాషరు అప్పు. మోటరు మీద మనకి మిగిలేది తక్కువ, ఇరుక్కుంటే పెట్టుబడే ఇరుక్కుంటుంది. చిల్లర సామాను మీద నాలుగు రూపాయలు మిగులుతాయి, ఆలస్యమైనా ఓర్చుకోవచ్చు. మామిడి ఒక్కదాన్నే నమ్ముకున్న ఇంటికి ఇంకా తగ్గించు. 2025లో తోతాపురి ధర ఎట్లా పడిందో చూసినావు కదా. కిలోకి 12 రూపాయలని, అందులో 8 ఫ్యాక్టరీ ఇస్తుందని, 4 ప్రభుత్వం వేస్తుందని చెప్పినారు. దామలచెరువు పక్క తోటలోళ్ల బాకీలు నా పుస్తకంలో సంక్రాంతి దాకా కదల్లేదు. అదే నాలుగు ఆవులున్న ఇళ్లు మాత్రం నెల తిరిగేలోపల కట్టేసినాయి. పాల బిల్లు పదైదు రోజులకొకసారి పడుతుంది. అప్పు చేసేది ఇంటాయన, తీర్చేది చాలా ఇళ్లలో పాలు పోసే ఆమె. కాబట్టి ఆమెకి తెలియకుండా పెద్ద అప్పు రాయొద్దు.

పుస్తకం రాసే పద్ధతి కూడా నేర్చుకోవాల. మునిరత్నాలు ఒక్కో ఊళ్లో నలుగురుంటారు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంటి గుర్తు రాయి. నా పుస్తకంలో "చింతమాను ఇల్లు", "రెండు బోర్లాయన" అని ఉంటాయి. ఏ సరుకు, ఎంత, ఏ తేదీ. పక్కన ఏ పంట వేసినాడో రాసి, పక్కనే సంతకం తీసుకో. మూడేళ్లు దాటితే ఆ బాకీకి కోర్టులో బలం ఉండదు. ఆ లోపల "ఇంత బాకీ ఉన్నా" అని మళ్లీ సంతకం చేస్తే ఆ రోజు నుంచి లెక్క కొత్తగా మొదలవుతుంది. నేను ఒక్కరి మీద కూడా కోర్టుకి పోలేదు, పోయేదీ లేదు. గాని సంతకం ఉన్న పేజీ చూపిస్తే మాట మెత్తగా ఉంటుంది. అడిగేటప్పుడు పదిమందిలో, టీ అంగడి దగ్గర, పెళ్లిలో అడగొద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు, "ఏమన్నా, తోట ఎట్లుంది?" అని మొదలుపెడితే చాలు. ఎందుకు అడిగినావో ఆయనకి తెలుసు.

అంగడిని నిలబెట్టేది సరుకు ఒకటే కాదు, పనోళ్లు. మోటరు వైండింగు చేసేవాడు, బోరులో మోటరు దించే మేస్త్రీ, ప్లంబరు, వెల్డింగాయన. రైతు సామాను కొనేది వాళ్లు చెప్పిన అంగట్లో. కమీషన్ ఇస్తావా అని అడుగుతారు. నేను ఇస్తా, దాపరికం లేదు. గాని దాన్ని రైతు బిల్లులో కలపను, నాకు మిగిలేదాంట్లోంచి ఇస్తా. ధర పెంచి ఇద్దామని ఒక మేస్త్రీ అన్నాడు, ఆయనతో సావాసం ఆరోజే చాలించినా. వాళ్లకి కావాల్సింది కమీషన్ కంటే ఇంకోటుంది: ఆదివారం సాయంత్రం ఏడుకి ఫోన్ చేసినా షట్టరెత్తే మనిషి. అది చెయ్యగలిగితే వాళ్లు నీ దగ్గరే.

కమ్మరాయన్ని మర్చిపోవద్దు. కొడవళ్లు ఫ్యాక్టరీ నుంచి వస్తా ఉంటే కొలిమితో ఏం పని అనుకుంటావు. గడ్డపార మొన అరిగితే కాల్చి సాగదీసేది ఆయనే, కొడవలికి కక్కు పెట్టేది ఆయనే. అరిగిన పార తెచ్చిన మనిషికి కొత్తది అంటగట్టకుండా కొలిమికి పంపించినావనుకో, ఆ మనిషి పైపుల కోసం నీ దగ్గరికే వస్తాడు. ఆ పెద్దాయనకి పీఎం విశ్వకర్మ సంగతి కూడా చెప్పు. 2023లో వచ్చింది, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి ఇట్లా 18 చేతివృత్తులకి. పనిముట్లకి 15,000, మొదట లక్ష, అది కట్టినాక రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు. ఫారం నింపే ఓపిక ఆయనకి ఉండదు, నీకుంది.

"ఆన్‌లైన్లో మోటరు రెండువేలు తక్కువ మామా, మన దగ్గర ఎవరు కొంటారు?" అన్నాడు. దీనికి జవాబు మా తమ్ముడి కూతురు ఫోన్లో చెప్పింది. అది అమెరికాలో నెబ్రాస్కాలో ఉంది, పాతకాలం అంగళ్లు చూసొచ్చి అరగంట చెప్పింది. అప్పట్లో ఆ పక్క మైదానాల్లోని చిన్న ఊళ్లలో కూడా ఒక సరుకులంగడి, ఒక కమ్మరి కొలిమి, రైలుపట్టాల పక్కన గోధుమలు పోసే గోదాము ఉండేవంట. 1872లో షికాగో నుంచి మాంట్‌గొమరీ వార్డ్ అనే ఆయన కేటలాగు అచ్చేసి, రైతులకి నేరుగా సరుకు పంపడం మొదలుపెట్టినాడు. 1913లో పోస్టాఫీసు పెద్ద పార్సిళ్లు మోసేదాకా వచ్చేసరికి ఊళ్లో అంగడోళ్లు గోలగోల. అయినా అంగళ్లు మాయం కాలేదు. కేటలాగు సరుకుకి నగదే కట్టాల, ఊళ్లో అంగడాయన గోధుమ కోతల దాకా ఆగేవాడు. నూటయాభై ఏళ్ల కిందటి సంగతి విన్నాక, నా పుస్తకం తీసి ఒకసారి చూసుకున్నా. అట్లని అన్నీ మనదే గెలుపు కాదు. ఫ్యాన్లు, డ్రిల్లింగు మిషన్లు ఆన్‌లైన్లోనే కొంటున్నారు, ఆ సరుకు నువ్వు తేవొద్దు.

కాయితాల పని రెండు ముక్కల్లో. సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారమైతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. దాటితే కాంపోజిషన్ అనే సులువు పద్ధతి తీసుకోవచ్చు, కోటిన్నర దాకా, మొత్తం అమ్మకం మీద 1 శాతం పన్ను మన చేతి నుంచి కట్టడమే. అప్పుడు బిల్లులో పన్ను వసూలు చెయ్యకూడదు. ఉద్యం రిజిస్ట్రేషన్‌కి, అంటే చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే నమోదుకి, రూపాయి ఖర్చు లేదు, ఎవరైనా డబ్బడిగితే ఇవ్వొద్దు. మేకులూ తీగా తూకానికి అమ్ముతావు కాబట్టి కరెంటు కాటాకి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించు. పురుగుమందులు, ఎరువుల జోలికి ఇప్పుడే పోవద్దు, వాటికి లైసెన్సు వేరే.

సోమవారం నుంచి వాడు నా అంగడికి వచ్చినాడు. పొద్దున ఐదున్నరకే. పదైదు రోజులు "లేదు" పుస్తకం రాసినాడు. చివరిరోజు సాయంత్రం లెక్కబెట్టి చదివితే నలభైయొక్క లైన్లు. అందులో తొమ్మిదిసార్లు ఒకే సరుకు: రెండున్నర నుంచి రెండంగుళాలకి దించే రెడ్యూసరు. ముప్పైరెండేళ్లుగా దాన్ని అడిగినోళ్లందరికీ "ఎట్లోకట్ల సర్దుకోప్పా" అని చెప్పి పంపిస్తా ఉన్నా. వాడు నా వైపు చూసినాడు. ఏమీ అనలా. ఫోన్ తీసి తిరుపతికి ఆర్డరు పెట్టినా, రెండు డజన్లు. ఒక డజను వాడికి.