పశ్చిమ కెనడా హోమ్‌స్టెడ్ ఫైలు నకలు: దరఖాస్తు విధానం

సెటిల్‌మెంటు రికార్డు అనగానే మనకు శిస్తు కోసం చేసిన సర్వే లెక్కలు గుర్తొస్తాయి. పశ్చిమ కెనడాలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడవి వలస వచ్చి భూమి తీసుకున్నవాళ్ళ కాగితాలు. 1872 నాటి డొమినియన్ ల్యాండ్స్ చట్టం కింద 10 డాలర్లు కట్టినవాళ్ళకు 160 ఎకరాలు కేటాయించేవారు. ఆ భూమినే హోమ్‌స్టెడ్ అంటారు. మూడేళ్ళపాటు ఏటా ఆరు నెలలు అక్కడే ఉండి, ఇల్లు వేసుకుని, కొంత నేల దున్ని చూపిస్తే పట్టా వచ్చేది. ఈలోగా పోగైన కాగితాల కట్టే హోమ్‌స్టెడ్ ఫైలు.

పట్టా వేరు, ఫైలు వేరు. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. 1870–1930 మధ్య ఇచ్చిన పట్టాల సూచిక ఒట్టావాలోని జాతీయ ఆర్కైవ్స్ అయిన లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో ఉంది, ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. అయితే పట్టాలో పేరు, భూమి వివరం, తేదీ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఫైళ్ళ కోసం ఆయా ప్రావిన్సు ఆర్కైవ్స్‌నే అడగాలి: సస్కాచివాన్, ఆల్బర్టా, మానిటోబా. మధ్యలో భూమి వదిలేసి పోయినవాళ్ళ పేర్లు పట్టాల సూచికలో దొరకవు, ఫైలు మాత్రం ఉండొచ్చు. కాబట్టి ఒట్టావా సూచికలో పేరు లేదని అక్కడితో ఆగిపోకండి.

దరఖాస్తులో అన్నిటికన్నా ముఖ్యం భూమి వివరం. పేరును నమ్ముకుంటే కష్టం. ఉక్రెయిన్ నుంచో ఐస్‌లాండ్ నుంచో వచ్చినవాళ్ళ పేర్లను గుమస్తాలు చెవికి తోచినట్టు రాసుకున్నారు. భూమి వివరం ‘ఎన్ఈ 14-22-20-డబ్ల్యూ2’ అన్న తీరులో ఉంటుంది. దీన్ని వెనక నుంచి చదవాలి. రెండో మెరిడియన్‌కు, అంటే 102 డిగ్రీల రేఖాంశానికి పడమర. అక్కణ్ణించి 20వ రేంజ్, అంటే ఉత్తర దక్షిణాలుగా సాగే ఆరు మైళ్ళ వెడల్పు పట్టీల్లో ఇరవయ్యోది. అమెరికా సరిహద్దు నుంచి ఉత్తరానికి 22వ టౌన్‌షిప్. అందులో 14వ సెక్షన్. దాని ఈశాన్యపు పావు. టౌన్‌షిప్ ఆరు మైళ్ళ చదరం, అందులో 36 సెక్షన్లు. ఒకటో నంబరు ఆగ్నేయ మూలన ఉంటుంది. అక్కణ్ణించి పడమరకు ఆరు దాకా, పై వరుసలో ఏడు నుంచి తూర్పుకు, ఇలా నాగలి చాళ్ళలా అటూ ఇటూ తిరుగుతూ నంబర్లు సాగుతాయి. మెరిడియన్ రాయకపోతే అదే నంబరు మరో మెరిడియన్ పడమరన కూడా తగులుతుంది, మీకు ఎవరిదో ఫైలు వస్తుంది.

సెక్షన్ నంబరు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. హోమ్‌స్టెడ్లు ఎక్కువగా సరి సంఖ్యల సెక్షన్లలోనే ఇచ్చారు. బేసి సంఖ్యలు చాలాచోట్ల రైల్వేలకు పోయాయి. 11, 29 బడుల కోసం. 8 మొత్తం, 26లో ఎక్కువ భాగం బొచ్చు వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీకి. మీ నంబరు 8 అయితే విన్నిపెగ్‌లోని ఆ కంపెనీ ఆర్కైవ్స్‌లో వెతకండి. కెనడియన్ పసిఫిక్ రైల్వే అమ్మిన భూమి అయితే కాల్గరీలోని గ్లెన్‌బో సేకరణలో చూడాలి.

భూమి వివరం చేతికొచ్చాక ప్రావిన్సు సూచికలో ఫైలు నంబరు పట్టుకోండి. ఆల్బర్టాకైతే మైక్రోఫిల్ము నంబరు కూడా రాసుకోవాలి. దరఖాస్తులో పేరు, దాని ఇతర స్పెల్లింగులు, భూమి వివరం, ఫైలు నంబరు రాసి, ‘ఫైలు మొత్తం కావాలి’ అని స్పష్టంగా అడగండి. రుసుము ఆయా ఆర్కైవ్స్ ప్రకటించినంత. భార్య పేరుతో వెతికితే సాధారణంగా ఏమీ దొరకదు. మైనరు పిల్లలున్న వితంతువుల్లాంటి ఇంటి పెద్దలకు తప్ప స్త్రీలకు హోమ్‌స్టెడ్ ఇచ్చేవారు కాదు.

ఫైలు చేతికి రాగానే పట్టా కోసం చేసిన ప్రమాణ పత్రం తీయండి. ఎప్పుడు కాపురానికి వచ్చారు, ఏ ఏడు ఎన్ని ఎకరాలు దున్నారు, పశువులెన్ని, ఇంటి కొలత, దాని విలువ అన్నీ అందులో ఉంటాయి. దానికి తోడు ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళ సాక్ష్యాలు జతచేసి ఉంటాయి. ఆ ఇద్దరి పేర్లూ రాసుకోండి. వాళ్ళ ఫైళ్ళలో మీవాళ్ళే సాక్షులుగా కనబడే అవకాశం ఉంది.