డిమెన్షియా ఉన్న అమ్మతో సీనియర్ హోమ్‌లో సంక్రాంతి ఎలా జరుపుకోవాలి?

మా అమ్మకు డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు. హైదరాబాద్ శివార్లలో పెద్దవాళ్ళ కోసం కట్టిన ఒక హోమ్‌లో ఉంటోంది. అక్కడ చేరిన మొదటి ఏడాది, పండగపూట ఒంటరిగా ఎలా వదిలేస్తామని భోగి నాడు ఇంటికి తీసుకొచ్చాం. ఇంటినిండా చుట్టాలు. వచ్చిన ప్రతి ఒక్కరూ "పెద్దమ్మా, నేనెవరో చెప్పుకో చూద్దాం" అన్నవాళ్ళే. పొద్దు వాలేసరికి అమ్మ కొంగు పిండుకుంటూ గుమ్మంలో నిలబడి "మా ఇంటికి పోతాను, మా అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది" అని ఏడ్చింది. రాత్రంతా నిద్రపోలేదు. మళ్ళీ కుదురుకోవడానికి వారం పట్టింది.

తర్వాతి ఏడాది అమ్మను కదిలించకుండా పండగనే అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితి ఉంటే ఈ పద్ధతి ప్రయత్నించండి. దసరాకైనా, క్రిస్మస్‌కైనా, రంజాన్‌కైనా పనికొస్తుంది.

1. ఇంటికి తేవాలా, మనమే వెళ్ళాలా?

పండగకు రెండు వారాల ముందే తేల్చుకోండి. ఆఫీసులో మేనేజర్‌ను కాదు, రోజూ స్నానం చేయించి అన్నం పెట్టే ఆయమ్మను అడగండి. కారెక్కితే కంగారు పడుతున్నారా? కొత్తవాళ్ళను చూస్తే భయపడుతున్నారా? ఏ వేళ నిమ్మళంగా ఉంటారు? ఈ మూడూ తెలిస్తే చాలు. డిమెన్షియా ఉన్న చాలామందికి సాయంత్రం అయ్యేకొద్దీ అయోమయం, ఆందోళన పెరుగుతాయి. డాక్టర్లు దాన్ని సన్‌డౌనింగ్ అంటారు. అందుకే ఏం చేసినా పొద్దున్నే చేయడం మంచిది.

హోమ్‌లో కొత్తగా చేరి ఇంకా అలవాటు పడుతున్నవాళ్ళను ఇంటికి తీసుకురాకపోవడమే మేలని నా అభిప్రాయం. తీసుకురాక తప్పకపోతే రెండు మూడు గంటలు చాలు. చీకటి పడకముందే తిరిగి దింపండి.

"పండగపూట కూడా అక్కడేనా?" అని చుట్టాలు అంటారు. ఆ మాట నన్నూ చాలాసార్లు గుచ్చింది. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక అంచనా. పండగ ఫొటోల్లో కనబడని అమ్మానాన్నలు ఎందరో ఉన్నారు. మొదటి ఏడాది ఏం జరిగిందో దాచకుండా చుట్టాలకు చెప్పేయండి. అర్థం చేసుకునేవాళ్ళు చేసుకుంటారు.

2. స్టాఫ్ సెలవుల గురించి ముందే కనుక్కోండి

ఇది చాలామందికి తట్టదు. సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది. మన అమ్మను చూసుకునే ఆయమ్మకూ ఊరుంటుంది, పిల్లలుంటారు, ఆమె వెళ్ళాలి కూడా. కానీ అమ్మకు తెలిసిన ముఖం ఒక్కసారిగా కనబడకుండా పోయి, కొత్త మనిషి వచ్చి చీర మార్చబోతే భయపడుతుంది, చెయ్యి విదిలిస్తుంది. దాన్ని కొత్తవాళ్ళు మొండితనం అనుకుంటారు.

ఎవరు ఎప్పటినుంచి సెలవో కనుక్కోండి. బదులుగా వచ్చేవాళ్ళను రెండు రోజుల ముందు నుంచే అమ్మకు అలవాటు చేయమని అడగండి. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో అమ్మ సంగతులు రాసి, బీరువా తలుపు లోపలి వైపు అతికించండి. మేం రాసింది ఇది: "అమ్మా అని పిలవండి, పేరు పెట్టి పిలిస్తే పలకదు. నీళ్ళు స్టీలు గ్లాసులోనే తాగుతుంది. స్నానానికి ముందు నీళ్ళు చేతి మీద పోసి చూపించండి. కంగారు పడితే దుప్పటి ఇచ్చి మడతపెట్టమనండి."

మందులు పది రోజులకు సరిపడా ముందే కొని ఇవ్వండి. వినికిడి మిషన్ ఉంటే దాని బ్యాటరీలు కూడా.

3. చేతులకు పని ఇవ్వండి

డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకం అల్జీమర్స్. అందులో సాధారణంగా ఈమధ్య సంగతులు ముందు పోతాయి. ఏళ్ళ తరబడి చేసిన చేతిపనులు చాలాకాలం నిలుస్తాయి. నిన్న ఎవరొచ్చారో చెప్పలేని మా అమ్మ, దూది చేతికిస్తే వరసగా వత్తులు చేస్తుంది. పూలు గుచ్చడం, తమలపాకులు తుడవడం, మామిడాకులు తోరణానికి సర్దడం, మీ అమ్మ చేతికి ఏది అలవాటో అది ఇవ్వండి. నాన్నగారైతే పంచె మడతలు, చెరుకు గడలు కట్టగట్టడం, కొత్త పంచాంగం తిరగేయడం.

ముగ్గుకు నేల మీద కూర్చోబెట్టొద్దు. బల్ల మీద నల్ల అట్ట పరిచి, చుక్కలు మీరే పెట్టి, బియ్యప్పిండి ఇవ్వండి. నోట్లో పెట్టుకున్నా భయం ఉండదు. అమ్మ నాలుగు చుక్కలు కలిపి ఆపేసింది. మేం దిద్దలేదు.

భోగిపళ్ళు మామూలుగా సాయంత్రం పోస్తారు. మేం పొద్దున్న పదకొండింటికి పోయించాం. రేగిపళ్ళు, చిల్లర నాణేలు, శనగలు పక్కనపెట్టి ఉత్త బంతిపూల రేకులే వాడాం, నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డం పడతాయని. మనవరాలి కొడుకును ఎదురుగా కూర్చోబెట్టాం. వాడెవరో అమ్మకు తెలియదు. కానీ దోసిలి నింపి, మూడుసార్లు తల చుట్టూ తిప్పి, పోసింది. ఎవరూ చెప్పలేదు.

4. ఎలా మాట్లాడాలి

ఒకసారి ఇద్దరికి మించి గదిలోకి వెళ్ళొద్దు. "గుర్తుపట్టావా?" అని ఎవరూ అడగొద్దు. ఎదురుగా కూర్చుని "అత్తయ్యా, నేను మీ తమ్ముడి కూతుర్ని, నీకోసం పూలు తెచ్చాను" అని మనమే చెప్పాలి.

"మీ నాన్న ఇంకా రాలేదేంటి?" అని అమ్మ అడుగుతుంది. మొదట్లో నేను "నాన్న పోయి ఆరేళ్ళయిందమ్మా" అనేదాన్ని. విన్న ప్రతిసారీ అమ్మకు అది కొత్త కబురే, ప్రతిసారీ కొత్త ఏడుపే. ఇప్పుడు "నాన్నకు నీ అరిసెలంటే ప్రాణం కదమ్మా" అంటాను. అమ్మ పాకం గురించి చెప్పడం మొదలుపెడుతుంది.

5. పిండివంటలు

సకినాలు, జంతికలు, గట్టి అరిసెలు వద్దు. డిమెన్షియా ముదిరేకొద్దీ నమలడం, మింగడం కష్టమవుతుంది. పొంగలి, పరమాన్నం, నేతిలో నానిన బొబ్బట్టు చిన్న ముక్కలుగా బాగుంటాయి. నిటారుగా కూర్చోబెట్టి, ఒక ముద్ద మింగాకే ఇంకోటి పెట్టండి. షుగర్ ఉంటే ఎంత పెట్టొచ్చో నర్సును అడగండి. డబ్బా గదిలో వదిలి రావొద్దు. తిన్న సంగతి మరిచి మళ్ళీ తింటారు.

6. వచ్చేసేటప్పుడు

గుమ్మంలో కౌగిలింతలు, కన్నీళ్ళు వద్దు. భోజనం వేళకు ఆయమ్మ కంచం తెచ్చాక, అమ్మ మొదటి ముద్ద తింటుండగా "మళ్ళీ వస్తానమ్మా" అని మామూలుగా చెప్పి లేవండి. ఏడుపొస్తే కారులో ఏడవొచ్చు. నేను ఏడ్చాను.

7. ఆ తర్వాతి రెండు రోజులు

పండగ అలసట వల్ల కాస్త చిరాకు మామూలే. కానీ ఒకటి రెండు రోజుల్లోనే మనిషి ఒక్కసారిగా మారిపోతే, అంటే మత్తుగా పడి ఉండటం, లేనివి కనబడుతున్నాయనడం, మునుపెన్నడూ లేనంత అయోమయం ఉంటే, జబ్బు ముదిరిందని సరిపెట్టుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా వేసిన మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అదే రోజు డాక్టర్‌కు చూపించండి. పెద్దవాళ్ళ విషయంలో సలహా, సాయం కావాలంటే 14567 ఎల్డర్‌లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు.

ఇంటికొచ్చాక ఏది బాగా జరిగిందో, ఏది జరగలేదో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఉగాదికి పనికొస్తుంది. కిందటి సంక్రాంతి పేజీలో మేం రాసుకున్నవి: "బంతిపూలు ఎక్కువ తేవాలి. టీవీ కట్టేయాలి. నీలం చీర నచ్చింది, చాలాసేపు చేత్తో నిమురుతూ కూర్చుంది."