ప్రార్థన చేయడం ఎలా? కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు

"నాకు పాస్టరు గారిలా మాటలు రావక్కా" అని మా సంఘంలో కొత్తగా చేరిన చెల్లెళ్లు అంటుంటారు. ఆ మాటలు మీకు అక్కర్లేదమ్మా. మీ అమ్మతో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడితే చాలు. రాదని సిగ్గుపడకండి, రోజూ యేసు వెంట తిరిగిన శిష్యుల్లోనే ఒకరు "ప్రభువా, మాకు ప్రార్థన చేయడం నేర్పు" అని అడిగారు.

ఆయన నేర్పిన ప్రార్థన బైబిల్లో మత్తయి సువార్త 6వ అధ్యాయం 9 నుంచి 13 వచనాల్లో ఉంది. ఆదివారం అందరం కలిసి గబగబా చెప్పేస్తాం. ఇంట్లో అలా వద్దు, ఒక్కో వాక్యం దగ్గర ఆగండి. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్నాక, ఈ రోజు మీకేం కావాలో విడమరచి చెప్పండి. "తండ్రీ, ఈయనకు ఇంకా జీతం పడలేదు, పాలవాడికి ఇవ్వాలి. పెద్దోడు రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు." ఇంత చిన్న సంగతి దేవుడికి చెప్పొచ్చా అనుకోకండి. ఏ పూట తిండి ఆ పూట అడగమన్నది ఆయనే.

తర్వాతి వాక్యమే కష్టం. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." ఋణమంటే ఇక్కడ డబ్బు అప్పు కాదు, చేసిన తప్పు. ఇక్కడ ఎవరి ముఖం గుర్తొస్తుందో ఆ ముఖాన్ని దాటి వెళ్లిపోకండి. పెళ్లిలో నలుగురి ముందు మాట అన్న ఆడపడుచు కావచ్చు, గట్టు తగాదా పెట్టుకున్న మరిది కావచ్చు. మనసు రాకపోతే ఉన్నదున్నట్టు చెప్పండి: "ప్రభువా, ఆమెను క్షమించాలని నాకు లేదు. ఆ మనసు నువ్వే ఇవ్వు." వల్లె వేసిన స్తోత్రాలకంటే ఈ ఒక్క మాటకే బరువెక్కువని నా నమ్మకం.

వేళ అంటారా, పొయ్యి వెలిగించకముందు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, నాకు అదే కుదురుతుంది. నైట్ షిఫ్టు వాళ్లు బస్సులో చేసుకోవచ్చు. ఫోన్ మాత్రం చేతిలో వద్దు. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చోండి. బైబిల్లో జబ్బుపడిన హిజ్కియా రాజు గోడ వైపు తిరిగి ప్రార్థించాడు. బిడ్డ కోసం ప్రార్థించిన హన్నాకు పెదవులు కదిలాయి తప్ప గొంతు వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు గానీ, దేవుడు విన్నాడు.

అసలు మాటే రాని రోజులుంటాయి. అప్పుడు బైబిల్లో 13వ కీర్తన తీయండి, ఆరే వచనాలు. "ఎన్నాళ్లు" అని దేవుణ్ణే నిలదీస్తూ మొదలవుతుంది. పైకి చదవండి, ఆ పూటకి మీ ప్రార్థన అదే. మా ఆయన చనిపోయిన ఏడాది నేను చేసిన ప్రార్థన దాదాపు అంతా కీర్తనలే.

అడిగింది జరగకపోతే మీ విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటారు, ఆ మాట పట్టించుకోకండి. శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే ఒక బాధ, తీసేయమని సువార్త చాటిన పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. దేవుడు ముల్లు తీయలేదు, దాన్ని భరించడానికి కృప ఇచ్చాడు. మీరు అడగడం మానకండి.

ఇక గృహ కూడికలో, అంటే ఎవరింట్లోనైనా కలిసి ప్రార్థన చేసేటప్పుడు, మీ వంతు వస్తే టెన్షన్ పడొద్దు. "తండ్రీ" అని పిలవండి, ఒక మేలుకు స్తోత్రం చెప్పండి, ఆ ఇంటివాళ్లకు కావలసింది ఒకటి అడగండి, "యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్" అని ముగించండి. అంతకంటే పొడిగించక్కర్లేదు. వెళ్లేముందే ఆ ఇంట్లో ఎవరికి బాగోలేదో, ఎవరికి పరీక్షలున్నాయో కనుక్కుంటే, ఏం అడగాలా అని అక్కడ వెతుక్కోనక్కర్లేదు.