క్యాన్సర్ చికిత్సలో నిద్ర పట్టకపోతే: ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేసుకోవాలి

క్యాన్సర్‌కి మందులు వాడేవాళ్లలో నిద్ర పట్టనివాళ్లు చాలామంది. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు స్కాన్, రక్తం కౌంట్స్ గురించే మాట్లాడతారు, నిద్ర ఊసు రాదు. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రల కంటే ముందు సీబీటీ-ఐ (నిద్ర చెడగొట్టే ఆలోచనల్ని, అలవాట్లని మార్చే పద్ధతి) ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. థెరపిస్టు దగ్గరుండి చేయిస్తే ఫలితం ఎక్కువే. కానీ వీడియోలు, పుస్తకాలు చూసి సొంతంగా చేసుకున్నా మేలు జరుగుతుందని రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లపై జరిగిన అధ్యయనాల్లో తేలింది. ఆ పద్ధతులే కింద ఉన్నాయి. మొదలుపెట్టే ముందు మీ ఆంకాలజిస్టుకి (క్యాన్సర్ డాక్టర్‌కి) ఒక మాట చెప్పండి.

సమస్య: కీమో ఎక్కించిన రాత్రి, ఆ మర్నాడు అస్సలు నిద్ర ఉండదు

చాలావరకు కారణం కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. ఇంటికి రాసిచ్చిన మాత్రలను ఉదయమే వేసుకోవచ్చా అని అడగండి. సొంతంగా మానేయొద్దు. ఆ రెండు మూడు రాత్రుల్ని చూసి జబ్బు ముదిరిందని భయపడకండి.

సమస్య: తొమ్మిదింటికే పడుకున్నా అర్ధరాత్రి దాకా దొర్లడమే, లేదా మూడింటికే మెలకువ

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నీరసంగా ఉన్న మనిషిని చూసి ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ "కాసేపు నడుం వాల్చు" అంటారు. మధ్యాహ్నం రెండు గంటల నిద్ర, సాయంత్రం ఇంకో కునుకు. పగలంతా చిరుతిళ్లు తింటే రాత్రి అన్నం సయించనట్టే, రాత్రికి నిద్ర మిగలదు. నిద్ర చాలలేదని ఇంకా ముందే మంచమెక్కుతారు, దాంతో మెలకువగా గడిపే గంటలు ఇంకా పెరుగుతాయి.

ఒక వారం పాటు నోటుబుక్కులో రాయండి: ఎన్నింటికి పడుకున్నారు, సుమారు ఎంతసేపు నిద్రపోయారు, ఎన్నింటికి లేచారు. పది గంటలు మంచం మీదుండి ఆరు గంటలే నిద్రపోతుంటే, మంచం మీద ఆరు గంటలే ఉండండి. ఐదున్నరకి లేవాలనుకుంటే పడుకునేది పదకొండున్నరకి. రాత్రి ఎలా గడిచినా లేచే వేళ మారకూడదు. మంచం మీదుండే సమయాన్ని ఐదున్నర గంటల కంటే తగ్గించొద్దు. మంచం మీదున్న సమయంలో 85 శాతం నిద్రే ఉంటే, వారానికో పావుగంట పెంచుకుంటూ పోండి. పగలు తప్పదనుకుంటే మధ్యాహ్నం మూడింటి లోపే, అరగంట మించకుండా, అలారం పెట్టుకుని పడుకోండి.

మొదటి వారం కష్టంగానే ఉంటుంది, పగలు తూగు వస్తుంది. ఆ రోజుల్లో బండి నడపొద్దు. ఫిట్స్, బైపోలార్, మెదడులో గడ్డలు, గురకతో ఊపిరి ఆగడం లాంటివి ఉన్నవాళ్లు ఈ పద్ధతి సొంతంగా చేయకూడదు. మరీ నీరసంగా ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి, మంచం మీదుండే సమయాన్ని వారానికి అరగంట చొప్పున మెల్లగా తగ్గించుకోవచ్చు.

సమస్య: టీవీ ముందు కునికిపాట్లు, మంచమెక్కగానే మెలకువ

మంచం అంటే టెన్షన్ అని ఒంటికి అలవాటైపోయింది. దీనికి మందు 1972లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్జిన్ చెప్పిన పద్ధతి. నిద్ర ముంచుకొచ్చినప్పుడే మంచమెక్కాలి. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వేరేచోట కూర్చోవాలి. గడియారం చూడొద్దు, ఫోన్ పట్టుకోవద్దు.

హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి దగ్గరలో గది తీసుకుని ఉండేవాళ్లకు ఇంకో గది ఎక్కడుంటుంది? తినేదీ, కూర్చునేదీ, పడుకునేదీ ఒకే మంచం మీద. అలాంటప్పుడు పగలు పరుపు చుట్టేసి, కుర్చీలోనో చాప మీదో కూర్చోండి. రాత్రి లేవాల్సొస్తే ఆ కుర్చీలోకే మారండి. కళ్లు తిరిగేవాళ్లు, పడిపోతామన్న భయం ఉన్నవాళ్లు లేవక్కర్లేదు, దిండు ఆసరాతో కూర్చుంటే చాలు.

సమస్య: పడుకోగానే రిపోర్ట్, ఖర్చు, పిల్లల గురించే ఆలోచన

సాయంత్రం ఆరింటికి ఓ పావుగంట దీనికే కేటాయించండి. ఒక్కో దిగులు కింద రేపు చేయగలిగిన పని ఒకటి రాయండి: ఆరోగ్యశ్రీ కౌంటర్లో అడగాల్సింది, డాక్టర్‌కి చెప్పాల్సింది. "నిద్రలేకపోతే జబ్బు తిరగబెడుతుంది" అనే భయం చాలామందిని పీడిస్తుంది. ఒక్క రాత్రి నిద్ర చెడినంత మాత్రాన చికిత్స పాడవదు.

సమస్య: చెమటలు, నొప్పి వల్ల మెలకువ

టామోక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి హార్మోన్ మందులు వాడేవాళ్లకు ఒంట్లో ఆవిర్లు రావచ్చు. నూలు బట్టలు, ఫ్యాన్ కొంత మేలు. నొప్పిని మాత్రం ఓర్చుకోవద్దు, డాక్టర్‌కి చెప్పి మందు సరిచేయించుకోండి. నొప్పి తగ్గకపోతే ఏ పద్ధతైనా అంతగా పనిచేయకపోవచ్చు.

ఆగకూడని సందర్భాలు

కీమో రోజుల్లో జ్వరం 100.4 దాటితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. బతకాలనిపించని రాత్రి వస్తే ఇంట్లోవాళ్లని లేపండి, 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు.